గిరజాల జుట్టు: నూరేళ్ళ సంరక్షణ చెప్పే పాఠాలు

మన శరీరంలో ప్రాణం లేని భాగాలలో వెంట్రుక ఒకటి. చర్మం దాటి పైకి వచ్చిన వెంట్రుకలో నరాలు లేవు, రక్తం లేదు, జీవకణాలు లేవు. అందుకే దానిని కత్తిరించినప్పుడు నొప్పి పుట్టదు. అయినా ప్రాణం లేని ఈ పోగును చూసి మనిషి మనిషికి విలువ కట్టిన సందర్భాలు చరిత్రలో అనేకం ఉన్నవి. అందువల్ల ఎక్కువ బాధలు పడినవారిలో బాగా మెలితిరిగిన జుట్టు గలవారు ముందు వరుసలో ఉంటారు.

ఇటువంటి జుట్టుకు తెలుగులో ఉంగరాల జుట్టు, గిరజాల జుట్టు, నొక్కుల జుట్టు అని పలు పేర్లున్నవి. మెలిక కొద్దిగా ఉంటే అందమని మెచ్చుకుంటాము. చిక్కులు పడి దువ్వెనకు లొంగకపోతే విసుక్కుంటాము. 'ఈ జుట్టు పెరగదు' అని తీర్పు చెప్పేవారు కూడ ఉన్నారు. ఈ మాటలో నిజమెంత? గిరజాల జుట్టు నిజంగా పెరగదా? పెరుగుతుంటే అది ఎందుకు పొడవు కాదు? ఈ ప్రశ్నలకు జవాబు వెతకాలంటే ఆఫ్రికాలోను, అమెరికాలోను నివసించే నల్లజాతి ప్రజల చరిత్రలోకి పోవలసి ఉన్నది. అందరికంటె బిగువైన మెలికలుగల జుట్టు వారిది. దానిని కాపాడుకోవడానికీ, మార్చుకోవడానికీ కూడ ఎక్కువ ప్రయత్నాలు చేసినవారు వారే.

వెంట్రుక ఎందుకు మెలితిరుగుతుంది?

తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ప్రతి వెంట్రుకా చర్మంలో సన్నని గొట్టంవంటి ఒక గుంటలో పుడుతుంది. దీనికి రోమకూపమని పేరు. రోమకూపం అడుగున జీవకణాలు విభజన చెందుతూ ఉంటాయి. కొత్త కణాలు పాత కణాలను పైకి నెడతాయి. పైకి పోతున్న కణాలు కెరటిన్ అనే మాంసకృత్తును నింపుకొని, గట్టిపడి, చనిపోతాయి. ఈ మృతకణాల పోగే వెంట్రుక. అంటే పెరుగుదల అంతా చర్మం లోపలనే జరుగుతుంది. బయటికి వచ్చిన భాగానికి ఏ నూనె రాసినా, ఏ మందు పూసినా అది వెంట్రుకవాసి కూడ పెరగదు.

రోమకూపం తిన్నగా ఉంటే వెంట్రుక తిన్నగా వస్తుంది. రోమకూపం కొడవలివలె వంగి ఉంటే వెంట్రుక మెలితిరిగి వస్తుంది. తిన్నని వెంట్రుకను అడ్డంగా కోసి సూక్ష్మదర్శినితో చూస్తే దాదాపు గుండ్రంగా కనిపిస్తుంది. బిగువుగా మెలితిరిగిన వెంట్రుక కోడిగుడ్డును అణచినట్లు బల్లపరుపుగా కనిపిస్తుంది. కాని రెండింటిలోను ఉన్న కెరటిన్ ఒక్కటే. దాని రసాయన నిర్మాణంలో జాతికీ జాతికీ భేదం లేదు. భేదమంతా ఆకారంలోనే ఉన్నది.

ఆకారంలోని ఈ భేదమే కొన్ని చిక్కులు తెచ్చిపెడుతుంది. వెంట్రుక పైభాగాన పెంకుటింటి కప్పు మీది పెంకులవలె ఒకదానిపై ఒకటి పరచిన పొలుసులుంటాయి. మెలిక తిరిగినచోటల్లా ఈ పొలుసులు కొంత పైకి లేస్తాయి. తల చర్మంలోని గ్రంథులు స్రవించే నూనె తిన్నని వెంట్రుక వెంట సులభంగా కిందికి జారుతుంది. మెలికల జుట్టులో ఆ నూనె కొనలదాకా చేరదు. అందుచేత కొనలు ఎండిపోతాయి. పక్క పక్కనున్న వెంట్రుకలు ఒకదాని ఉంగరంలో మరొకటి దూరి ముడిపడతాయి. దువ్వెన లాగినప్పుడు బలమంతా మలుపుల మీదనే పడి, వెంట్రుక అక్కడ తెగుతుంది.

ఇక పెరుగుదల లెక్క చూద్దాం. 2001లో వెలువడిన ఒక పరిశోధనలో ఆఫ్రికా సంతతివారి వెంట్రుక రోజుకు సగటున 0.26 మిల్లీమీటర్లు, యూరపువారి వెంట్రుక సుమారు 0.4 మిల్లీమీటర్లు పెరుగుతున్నట్లు తేలింది. వేగంలో తేడా ఉన్నమాట నిజమే. కాని 0.26ను 365తో గుణిస్తే సంవత్సరానికి సుమారు 95 మిల్లీమీటర్లు, అంటే తొమ్మిదిన్నర సెంటీమీటర్లు అవుతుంది. ఒక వెంట్రుక సాధారణంగా 2 నుంచి 6 ఏళ్ళపాటు పెరుగుతుంది. ఆ లెక్కన 4 ఏళ్ళలో అది 38 సెంటీమీటర్ల పొడవు కావలె. అయినా చాలామంది జుట్టు నాలుగు వేళ్ళ పొడవు దాటదు. తక్కిన భాగం ఏమయింది? తెగిపోయింది.

ఈ సంగతి 2000లో నోన్హ్లాన్హ్లా ఖుమాలో అనే దక్షిణాఫ్రికా చర్మవైద్యురాలు, ఆమె సహచరులు ప్రకటించిన పరిశోధనలో స్పష్టంగా కనిపించింది. వారు రసాయనాలు వాడని ఆఫ్రికన్ల జుట్టును, ఇతర జాతులవారి జుట్టును సూక్ష్మదర్శినులతో పోల్చి చూశారు. ఆఫ్రికన్ల జుట్టులో ముడులు, తెగిన కొనలు విస్తారంగా కనిపించాయి. ఇతరుల జుట్టులో అవి అరుదు. వెంట్రుక నిర్మాణంలో మాత్రం లోపమేదీ కనిపించలేదు. కనుక 'పెరగని జుట్టు' అనే మాట సరికాదు. అది పెరిగినంతా తెగిపోతున్న జుట్టు. తెగకుండా కాపాడడమే దానిని పెంచడం. ఈ చిన్న సత్యం తెలియక నూరేళ్ళకు పైగా మనుషులు ఎన్ని దారులు తొక్కారో చూడవలసి ఉన్నది.

పోగొట్టుకున్న దువ్వెన

గిరజాల జుట్టుకు తగిన దువ్వెనను ఆఫ్రికావారు చాలా పూర్వమే తయారు చేసుకున్నారు. ప్రాచీన ఈజిప్టు సమాధులలో 5 వేల ఏళ్ళకు పైబడిన దువ్వెనలు దొరికాయి. పొడవైన పళ్ళతో, నిలువుగా పట్టుకొని వాడుకొనే ఈ సాధనాల చరిత్రను వివరిస్తూ 2013లో కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియం ఒక ప్రదర్శన ఏర్పాటు చేసింది. పశ్చిమ ఆఫ్రికాలో జుట్టు అల్లడం ఒక కళ. తల్లి కూతురికి, స్నేహితురాలు స్నేహితురాలికి గంటల తరబడి కూర్చుండి పాయలు అల్లేవారు. అల్లిక తీరునుబట్టి మనిషి వయస్సు, వంశం, పెళ్ళయినదీ కానిదీ తెలిసే సమాజాలు కూడ ఉండేవి.

పదహారవ శతాబ్దం నుంచి పంతొమ్మిదవ శతాబ్దం వరకు సుమారు 1 కోటి 25 లక్షల మంది ఆఫ్రికన్లను బానిసలుగా ఓడలెక్కించి అట్లాంటిక్ మహాసముద్రం దాటించారు. వారితో దువ్వెనలు రాలేదు, నూనెలు రాలేదు. తల సంరక్షణకు తీరిక అంతకంటె లేదు. తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా పొలంలో పని. సాధారణంగా ఆదివారం ఒక్కటే తల చూసుకొనే రోజు. తలకు గుడ్డ కట్టుకొని ఆరు రోజులు గడిపేవారు. జుట్టును పాయలుగా తీసి, గుడ్డపేలికలతోనో దారంతోనో చుట్టి ఉంచి, ఆదివారంనాడు విప్పుకొనేవారు. గొర్రెల ఉన్నిని ఏకడానికి వాడే ఇనుప పళ్ళ పలకతో తల దువ్వుకొన్నామని, వెన్న, పందికొవ్వు తలకు రాసుకొన్నామని విముక్తులైన బానిసలు ముసలితనంలో చెప్పుకొన్న జ్ఞాపకాలు గ్రంథస్థమై ఉన్నవి. యజమానులు వారి జుట్టును జుట్టని కాక 'ఉన్ని' అని ఎగతాళి చేసేవారు.

స్వతంత్రులైన నల్లజాతి స్త్రీలకు కూడ ఈ పరాభవం తప్పలేదు. స్పెయిన్ పాలనలో ఉన్న లూయిసియానాలో 1786లో గవర్నరు ఎస్తబాన్ మీరో ఒక ఉత్తర్వు జారీ చేశాడు. దాని ప్రకారం నల్లజాతి స్త్రీలు, మిశ్రమజాతి స్త్రీలు తలకు గుడ్డ కట్టుకొని జుట్టును దాచుకోవలసి వచ్చింది. ఆ స్త్రీలు రంగురంగుల పట్టుగుడ్డలను వింతవింతగా చుట్టుకొని, అవమానానికి పెట్టిన గుర్తునే అలంకారంగా మార్చుకొన్నారు.

ఉతుకుతొట్టి నుంచి కర్మాగారానికి

1865లో అమెరికాలో బానిసత్వం రద్దయింది. రెండేళ్ళకు, 1867 డిసెంబరు 23న, లూయిసియానాలోని డెల్టా గ్రామంలో సారా బ్రీడ్‌లవ్ పుట్టింది. ఆమె తలిదండ్రులు బానిసలుగా బ్రతికినవారు. ఆ కుటుంబంలో స్వతంత్రురాలుగా పుట్టిన మొదటి బిడ్డ ఆమె. ఏడేళ్ళకు తలిదండ్రులు పోయారు. పద్నాలుగో ఏట పెళ్ళయింది. ఇరవయ్యో ఏట, చంటిబిడ్డ ఉండగానే, భర్త చనిపోయాడు. ఆమె సెయింట్ లూయిస్ నగరం చేరి, పరుల బట్టలుతికి జీవించసాగింది. 1890 తరువాత ఆమెకు జుట్టు విపరీతంగా ఊడిపోవడం మొదలయింది.

ఇది ఆమె ఒక్కతె బాధ కాదు. పేదల ఇళ్ళలో కుళాయి నీళ్ళు లేవు. తలస్నానం నెలకొకసారి జరిగితే గొప్ప. చుండ్రు, పుండ్లు, పోషకాహార లోపం, ఘాటైన క్షారపు సబ్బులు అన్నీ కలిసి తల చర్మాన్ని చెడగొట్టేవి. రోమకూపమే జబ్బుపడితే వెంట్రుక ఎక్కడినుంచి వస్తుంది?

ఆ కాలంలోనే ఆనీ టర్న్‌బో మలోన్ అనే మరొక నల్లజాతి స్త్రీ ఈ సమస్యను పట్టించుకొన్నది. ఆమె 1869లో ఇల్లినాయిస్ రాష్ట్రంలో పుట్టింది. బడిలో రసాయనశాస్త్రం మీద మక్కువ పెంచుకొని, తలకు రాసుకొనే లేపనాలు తయారు చేసింది. 1902లో సెయింట్ లూయిస్‌కు వచ్చి ఇంటింటికీ తిరిగి అమ్మింది. 1918లో అక్కడ 'పోరో కాలేజి' అనే పెద్ద శిక్షణాలయం స్థాపించింది. సారా కొంతకాలం ఆనీ సరుకులు అమ్మి, 1905లో డెన్వర్ నగరానికి పోయింది. అప్పుడు తన చేతిలో ఉన్నది ఒకటిన్నర డాలరేనని ఆమె తరువాత చెప్పుకొన్నది. 1906లో చార్లెస్ జోసెఫ్ వాకర్‌ను పెళ్ళాడి, మేడమ్ సి.జె.వాకర్ అనే పేరుతో స్వంత వ్యాపారం ప్రారంభించింది.

ఒక ఆఫ్రికావాసి కలలో కనిపించి మందు సంగతి చెప్పాడని ఆమె ప్రచారం చేసింది. కలమాట ఎట్లా ఉన్నా ఆ లేపనంలోని ముఖ్యద్రవ్యం గంధకం. చర్మవ్యాధులకు గంధకం వాడడం వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. దానిని పెట్రోలియం జెల్లీ వంటి జిడ్డులో కలిపి, తలను తరచుగా కడగమని, మర్దన చేయమని ఆమె బోధించింది. నిజానికి జుట్టును కాపాడినది ఈ శుభ్రతే. కడిగిన చర్మంపై జబ్బు తగ్గింది. రోమకూపాలు కోలుకొన్నవి. జిడ్డు వెంట్రుక కొనలను ఎండనీయలేదు. డబ్బామీద 'జుట్టు పెంచే మందు' అని ఉన్నా, అది చేసిన పని జుట్టు పోకుండా ఆపడమే.

1910లో ఆమె ఇండియానాపోలిస్‌లో కర్మాగారం స్థాపించింది. వేలాది స్త్రీలు శిక్షణ పొంది ఆమె సరుకులు అమ్మారు. ఉతుకుడు పని, వంటపని తప్ప మరొక దారి లేని స్త్రీలకు ఇది స్వతంత్ర జీవనోపాధి అయింది. 1917లో ఫిలడెల్ఫియాలో జరిగిన వారి మహాసభకు 200 మందికి పైగా వచ్చారు. నల్లజాతివారిని మూకలు చంపడాన్ని అరికట్టే చట్టం చేయవలసిందని ఆ సభ అమెరికా అధ్యక్షునికి విజ్ఞప్తి పంపింది. 1919 మే 25న ఆమె మరణించేనాటికి అమెరికాలోని అత్యంత సంపన్న నల్లజాతి స్త్రీలలో ఒకరుగా పేరుపొందింది.

వేడి దువ్వెనను ఆమె కనిపెట్టిందని తరచు వ్రాస్తుంటారు. అది నిజం కాదు. వేడి ఇనుముతో జుట్టు తీర్చడం అంతకుముందే యూరపులో ఉన్నది. అయితే ఆమె పద్ధతిలో ఆ దువ్వెన చేరింది. జుట్టు సాపుచేయడం తన పని కాదని, తల ఆరోగ్యమే తన ధ్యేయమని ఆమె వాదించినా, కొన్నవారిలో ఎక్కువమంది కోరినది సాపైన జుట్టునే. తిన్నని జుట్టు గలవారికే మంచి ఉద్యోగం, మర్యాద దొరికే సమాజంలో వారిని తప్పుపట్టడానికి లేదు.

ఉన్ని విప్పిన రహస్యం

వేడి దువ్వెనతో సాపు చేసిన జుట్టు ఒక్క వానచినుకు పడితే తిరిగి ముడుచుకొనేది. ఎందుకని? ఈ ప్రశ్నకు జవాబు మంగలి దుకాణంలో కాక, ఇంగ్లండులోని ఉన్ని మిల్లుల నగరం లీడ్స్‌లో లభించింది. ఉన్నిలో ఉన్నది కూడ కెరటినే. 1930 తరువాత అక్కడ విలియం ఆస్ట్‌బరీ ఉన్నిపోగుల మీదుగా ఎక్స్ కిరణాలు పంపి ఫోటోలు తీశాడు. మామూలు పోగుకు ఒక చిత్రం, తడిపి సాగదీసిన పోగుకు మరొక చిత్రం వచ్చింది. అణువు ముడుచుకొని ఉండి, లాగితే చాచుకొంటుందని దీనివల్ల తేలింది.

ఆ ముడుత ఎటువంటిదో 1951లో తేలింది. మాంసకృత్తు గొలుసు స్క్రూమర వలె చుట్టుకొని ఉంటుందని లైనస్ పౌలింగ్, రాబర్ట్ కోరీ, హెర్మన్ బ్రాన్సన్ ప్రకటించారు. దీనికే ఆల్ఫా హెలిక్స్ అని పేరు. వీరిలో బ్రాన్సన్ వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన నల్లజాతి భౌతికశాస్త్రవేత్త. ఎవరి జుట్టును 'ఉన్ని' అని వెక్కిరించారో ఆ జాతివాడే, జుట్టులోను ఉన్నిలోను ఉన్న అణువు ఆకారాన్ని లోకానికి చెప్పినవారిలో ఒకడు కావడం గుర్తుంచుకోదగిన విషయం.

కెరటిన్ గొలుసులను పట్టి ఉంచే బంధాలలో రెండు మనకు ముఖ్యం. మొదటివి ఉదజని బంధాలు. ఇవి బలహీనమైనవి. నీటికీ, వేడికీ విడిపోతాయి, ఆరిన తరువాత తిరిగి ఏర్పడతాయి. వేడి దువ్వెన వీటిని విడదీసి, జుట్టు తిన్నగా ఉన్నప్పుడు తిరిగి ఏర్పడేటట్లు చేస్తుంది. వానచినుకు, చెమట వాటిని మళ్ళీ విప్పగానే జుట్టు తన సహజరూపానికి వస్తుంది. రెండవవి గంధక బంధాలు. ఒక గొలుసులోని గంధక పరమాణువు పక్క గొలుసులోని గంధక పరమాణువుతో కలిసి ఏర్పడే ఈ బంధాలు చాలా బలమైనవి. నీళ్ళకు ఇవి చలించవు. వెంట్రుకకు ఆకారం, బలం రెండూ ఇచ్చేవి ఇవే. జుట్టును శాశ్వతంగా సాపు చేయాలంటే వీటినే తెంపాలి.

క్షారంతో చెలగాటం

గంధక బంధాలను తెంపే శక్తి ఘాటైన క్షారాలకు ఉన్నది. గారెట్ మోర్గన్ అనే నల్లజాతి నిపుణుడు కుట్టుయంత్రపు సూదికి పూసే ద్రవం మీద ప్రయోగాలు చేస్తూ, అది ఉన్ని బట్ట పోగులను సాపు చేయడం గమనించి, జుట్టు సాపుచేసే లేపనం తయారుచేశాడని చెబుతారు. 1913లో అతడు దానిని అమ్మడానికి కంపెనీ పెట్టాడు. తరువాత అతడే రోడ్లకూడలిలో వాడే ట్రాఫిక్ సిగ్నలుకు 1923లో పేటెంటు పొందాడు.

1940 నాటికి అమెరికా నగరాల యువకులు కాస్టిక్ సోడాతో ఇంటిలోనే ముద్ద తయారు చేసుకొని తలకు పట్టించడం మామూలయింది. కాస్టిక్ సోడా, కోడిగుడ్లు, బంగాళాదుంపలు కలిపిన ముద్దతో తన తల మండిపోయిన తీరును, ఆ పనికి తరువాత తాను సిగ్గుపడిన సంగతిని మాల్కమ్ ఎక్స్ 1965లో వెలువడిన తన ఆత్మకథలో వివరించాడు. 1954లో చికాగోలో జార్జి జాన్సన్ ఈ లేపనాన్ని కర్మాగారంలో తయారుచేసి పురుషులకు, తరువాత స్త్రీలకు అమ్మసాగాడు. కొన్ని దశాబ్దాలలోనే ఇది చిన్నపిల్లల తలలదాకా వచ్చింది.

ఈ రసాయనచర్య స్వభావం తెలుసుకోదగినది. గంధక బంధంలో రెండు గంధక పరమాణువులుంటాయి. క్షారం వాటిలో ఒకదానిని ఊడగొడుతుంది. మిగిలిన ఒక్క గంధకంతో లాంథియోనిన్ అనే కొత్త పదార్థం ఏర్పడుతుంది. 1941లో దీనిని మొదట వేరుచేసినది కూడ ఉన్ని నుంచే. ఒకసారి లాంథియోనిన్ ఏర్పడితే వెనుకటి బంధం తిరిగి రాదు. వెంట్రుక తిన్ననవుతుంది, కాని బలం పోతుంది. క్షారం తల చర్మానికి తగిలితే పుండు పడుతుంది. కొత్తగా పెరిగే వెంట్రుక మాత్రం మెలితిరిగే వస్తుంది. అందువల్ల కొన్ని వారాలకొకసారి మళ్ళీ పూయక తప్పదు. ముందే ముక్కలయ్యే స్వభావంగల వెంట్రుకను సాపు చేయడానికి ఇంకా పెళుసు చేయడమన్నమాట.

జుట్టు మీద శాసనాలు

దక్షిణాఫ్రికాలో 1950లో వచ్చిన జనాభా నమోదు చట్టం ప్రతి మనిషినీ ఏదో ఒక జాతిలో చేర్చింది. ఎవరు ఏ జాతో తేలనప్పుడు అధికారులు కొందరు జుట్టులో పెన్సిలు గుచ్చి చూసేవారు. పెన్సిలు జారి పడితే ఒక జాతి, నిలబడితే మరొక జాతి. ఒకే కుటుంబంలోని అన్నదమ్ములు వేరు వేరు జాతులలోకి పోయిన సందర్భాలున్నవి. రోమకూపం వంపునుబట్టి మనిషి చదువుకొనే బడి, నివసించే పేట నిర్ణయమయ్యేవి. 1991లో ఆ చట్టం రద్దయింది.

అమెరికాలో 1962 జనవరిలో న్యూయార్క్‌లోని హార్లెం పేటలో క్వామే బ్రాత్‌వెయిట్, అతని మిత్రులు ఒక ప్రదర్శన జరిపారు. అందులో పాల్గొన్న యువతులందరు తమ సహజమైన జుట్టుతోనే వేదిక ఎక్కారు. పౌరహక్కుల ఉద్యమంతోపాటు ఆ పద్ధతి దేశమంతా వ్యాపించింది. చట్టం కదలడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 2019 జూలైలో కాలిఫోర్నియా రాష్ట్రం, సహజమైన జుట్టు కారణంగా బడిలోగాని ఉద్యోగంలోగాని వివక్ష చూపరాదని మొదటి చట్టం చేసింది. తరువాత ఇరవైకి పైగా రాష్ట్రాలు ఆ దారి పట్టినవి. 2016లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా నగరంలో ఒక బాలికోన్నత పాఠశాల విద్యార్థినులు తమ జుట్టుపై ఉన్న నిబంధనలను ఎదిరించి నిలబడగా, ప్రభుత్వం వాటిని నిలిపివేయించింది.

ఇటీవలి పరిశోధనలు

1968లో అమెరికా చర్మవైద్యులు నల్లజాతి స్త్రీలలో నడినెత్తిన మొదలై వ్యాపించే బట్టతలను వర్ణించి, దానికి వేడి దువ్వెనే కారణమన్నారు. ఆ దువ్వెన వాడనివారిలో కూడ ఆ జబ్బు కనిపించడంతో తరువాత పేరు మార్చవలసి వచ్చింది. 2019లో కొందరు రోగులలో, వెంట్రుక గట్టిపడడానికి తోడ్పడే ఒక జన్యువులో మార్పులున్నట్లు కనుగొన్నారు. కనుక జుట్టు ఊడిన ప్రతి స్త్రీనీ 'నీ అజాగ్రత్తవల్లనే' అనడం శాస్త్రీయం కాదు.

సాపుచేసే రసాయనాలను గురించి 2022లో ఒక ముఖ్యమైన అధ్యయనం వెలువడింది. అమెరికాలో 33,497 మంది స్త్రీలను దాదాపు 11 ఏళ్ళపాటు గమనించారు. ఈ రసాయనాలు ఎన్నడూ వాడనివారిలో 70 ఏళ్ళ వయస్సులోపల గర్భాశయ క్యాన్సరు వచ్చే అవకాశం 1.64 శాతమని, ఏడాదికి నాలుగుసార్లకు మించి వాడినవారిలో 4.05 శాతమని అంచనా వేశారు. రెండింటికీ సంబంధం కనిపించినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణమని రుజువు కాలేదు. అయినా జాగ్రత్తపడడానికి ఈ అంకెలు చాలు.

మెలికల జుట్టు ప్రకృతి చేసిన పొరపాటా? కాదని 2023లో వెలువడిన మరొక పరిశోధన సూచిస్తున్నది. మనిషి ఆకారపు బొమ్మకు రకరకాల జుట్టు తొడిగి, ఎండవంటి వేడి దీపాల కింద ఉంచి, తలకు ఎంత వేడి చేరుతున్నదో కొలిచారు. ఏ జుట్టయినా ఎండను కొంత ఆపింది. బిగువైన మెలికల జుట్టు అన్నిటికంటె ఎక్కువగా ఆపింది. ఆఫ్రికా ఎండలో మానవుని మెదడును చల్లగా ఉంచడంలో గిరజాలకు పాత్ర ఉండవచ్చునన్నమాట.

మన దేశపు అలవాటు ఒకటి కూడ పరిశోధనశాలలో నిలబడింది. 2003లో ముంబయి పరిశోధకులు ఆర్తి రేలే, ఆర్.బి.మొహిలే కొబ్బరినూనెను, పొద్దుతిరుగుడు నూనెను, ఖనిజతైలాన్ని పోల్చి చూశారు. తలస్నానానికి ముందు గాని, తరువాత గాని రాసినప్పుడు జుట్టులోని మాంసకృత్తు నష్టాన్ని తగ్గించినది కొబ్బరినూనె ఒక్కటే. దానిలోని ప్రధాన ఆమ్లపు అణువు చిన్నది, తిన్ననిది గనుక వెంట్రుక లోపలికి చొరగలుగుతుంది. నూనె పెట్టి తలంటుకొనే మన పెద్దల పద్ధతిలో ఉన్న మేలు దీనివల్ల కొంతవరకు బోధపడుతుంది.

గిరజాల జుట్టును కాపాడుకొనే విధం

పైన చెప్పిన సంగతులనుండి ఆచరణకు కొన్ని సూత్రాలు తేలుతున్నవి. ఇవి ఆఫ్రికా సంతతివారికే కాక, గిరజాల జుట్టుగల తెలుగు బాలబాలికలకు కూడ చాలవరకు వర్తిస్తాయి.

తల చర్మాన్ని శుభ్రంగా ఉంచాలి. అయితే రోజూ సబ్బుతో గాని షాంపూతో గాని రుద్దితే ఉన్న కాస్త నూనె పోతుంది. బిగువైన మెలికల జుట్టుకు వారానికి, లేదా రెండు వారాలకు ఒకసారి తలస్నానం చాలునని అమెరికా చర్మవైద్యులు సలహా ఇస్తున్నారు. మెలికలు వదులుగా ఉన్నవారు, చెమట ఎక్కువగా పట్టేవారు ఇంకా తరచుగా చేయవచ్చు. స్నానం తరువాత కొనలకు కండిషనరు గాని, కొద్దిగా నూనె గాని పట్టించాలి.

పొడిజుట్టును దువ్వరాదు. తడిగా, జారుడుగా ఉన్నప్పుడు ముందు వేళ్ళతోను, తరువాత పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతోను చిక్కు తీయాలి. కొనల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి పోవాలి. పైనుంచి కిందికి లాగితే చిక్కులన్నీ ఒకచోట చేరి వెంట్రుక తెగుతుంది. ముతక తువాలుతో గట్టిగా రుద్దడంకంటె మెత్తని గుడ్డతో అద్ది తడి తీయడం మంచిది.

జడ బిగించి అల్లరాదు. 1907లో ట్రెబిట్ష్ అనే ఆస్ట్రియా వైద్యుడు గ్రీన్‌లాండ్‌లో, జుట్టును బిగించి ముడివేసుకొనే స్త్రీలకు నుదుటి పైన జుట్టు పోవడం చూసి వర్ణించాడు. బిగువు అల్లికలు, వాటిపై కుట్టే బరువైన సవరాలు ఇదే కీడు చేస్తాయి. తిరుమలలో భక్తులు సమర్పించే తలనీలాలు వేలంలో అమ్ముడై, విదేశాలలో ఇటువంటి సవరాలుగా మారడం ఉన్నది. మన బడిపిల్లలకు రెండు జడలు వేసేటప్పుడు కూడ ఈ సంగతి మరువరాదు. నుదురు లాగుతున్నదని పిల్ల చెబితే జడ వదులు చేయడమే వైద్యం. మొదటి దశలో మానుకొంటే జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ళ తరబడి సాగితే రోమకూపం మచ్చబారి, ఇక రాదు.

వేడి సాధనాలను అరుదుగా, జుట్టు బాగా ఆరిన తరువాతనే వాడాలి. తడిజుట్టును బాగా కాచిన ఇనుముతో నొక్కితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు ఏర్పడతాయి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. అకస్మాత్తుగా ఎక్కువ రాలినా, మాడు మీద మచ్చలు, దురద కనిపించినా వైద్యునికి చూపించాలి. రక్తహీనత, థైరాయిడ్ లోపం వంటివి కూడ కారణం కావచ్చు. వాటిని ఏ నూనే నయం చేయదు.

ఈ సూత్రాలలో ఖరీదైనది ఒక్కటి లేదు. నీరు, నూనె, పెద్దపళ్ళ దువ్వెన, ఓపిక, ఇంతే. ఆఫ్రికావాసులు వేల ఏళ్ళ క్రితం ఎరిగినదీ, ఓడలో పోగొట్టుకొన్నదీ ఇదే. మధ్యకాలంలో జుట్టు ఆకారంతో యుద్ధం చేసిన సాధనాలు జుట్టును గెలవలేదు. వంగిన రోమకూపం వంగిన వెంట్రుకనే మళ్ళీ మళ్ళీ పంపింది. తరగతిలో ఒక పిల్లవాని గిరజాలను చూసి తోటివారు నవ్వినప్పుడు ఉపాధ్యాయుడు నల్లబల్లమీద రెండు గొట్టాలు గీసి, ఒకటి తిన్నగా, మరొకటి కొడవలివలె వంచి చూపితే చాలు. ఆ నవ్వు ఆగిపోయి, దాని స్థానంలో ప్రశ్నలు మొదలవుతాయి.